రెక్కల పిల్ల మీద వర్ని ఆయన అభిప్రాయం

మా అక్క సంబంధం ఒక సినిమా మీద ఆగింది. జాతకాలు కలవక ఆగిన సంబంధాలు చూసినం, పొలం గట్టు పంచాయితీ మీద ఆగినవీ చూసినం. సినిమాలో హీరోయిన్ తన లోకానికి తిరిగి పోవుడు కరెక్టా కాదా అన్న దాని మీద ఆగింది మాత్రం, నాకు తెలిసి, నిజామాబాద్ నుంచి వర్ని దాకా ఇదొక్కటే. ఇందులో నా తప్పు ఎంత అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. కన్నతల్లి అయ్యుండి మా అవ్వ మొత్తం నాదే అంటది. బాపు సగం ఆ సినిమా తీసినోనిది అంటడు. నేను బస్సుది అంట.

ముందు నా సంగతి చెప్తే గాని ఇది అర్థం కాదు. నేను నిజామాబాద్‌లో ఫ్లెక్సీలు కొట్టే షాపులో డిజైనర్‌ను. డిజైనర్ అంటే పెద్ద మాటే. పుట్టినరోజు చేసుకునే నాయకుల ముఖం మీద మచ్చలు తీసేసి, నెత్తి మీద లేని వెంట్రుకలు మొలిపించి, పక్కన ఒక పులిని నిలబెట్టుడు నా పని. అది కడుపు కోసం. పేరు కోసం, శుక్రవారం నిజామాబాద్‌లో, ఆదివారం బోధన్‌లో సినిమా టాకీసుల ముందట పబ్లిక్ టాక్ తీస్త. ఒక ఫోను, ఒక మైకు, ఆ మైకుకు ఎర్ర స్పాంజి టోపీ. ఇంతే నా స్టూడియో. నా వీడియోలు చూసేటోళ్లలో సగం మంది అందులో మాట్లాడినోళ్లు, మిగతా సగం వాళ్ల చుట్టాలు. కళాపోషణ అంటే ఇదేనని సరిపెట్టుకున్న.

ఈ పనికి ఒక పద్ధతి ఉన్నది. పబ్లిక్ టాక్ తీసేటోడు సినిమా చివరి దాకా చూడకూడదు. చూస్తే జనంతో పాటు బయటికి రావాలె, అప్పటికి వేరే మైకులోళ్లు గేటు ఆక్రమించుకొని ఉంటరు. అందుకని చివరి పాట మొదలుకాంగనే లేచి పోయి గేటు దగ్గర నిలబడాలె. మొదట బయటికి వచ్చినోని నోట్లో మైకు పెట్టాలె. రెండేండ్ల నుంచి నేను ఏ సినిమా ఎట్ల అయిపోయిందో చూడలే. చూసినోళ్లతో మాత్రం వారం వారం మాట్లాడుతున్న అనుకున్న.

మా అక్క నాకు పూర్తిగా ఉల్టా. ఖలీల్‌వాడి దవాఖానాల సందులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తది. ఆమె సూది గుచ్చితే నొప్పి తెలియదని ఆ సందంతా పేరు. మాట గుచ్చితే తెలుస్తది, అది మా ఇంటోళ్లకే ఎరుక. ఆరేండ్లు అయింది ఆ ల్యాబ్‌లో చేరి. తెల్ల కోటు ఇంట్లో కూడా తనే ఉతుక్కుంటది, అవ్వను ముట్టుకోనియ్యదు. పెండ్లంటే ఆమెకు భయం లేదు. పెండ్లి తర్వాత ఆ కోటు ఏ మేకుకు తగిలిస్తరోనన్నదే భయం. ఈ మాట ఆమె చెప్పింది నాకొక్కనికే. ఎందుకు చెప్పిందంటే, నేను ఏది చెప్పినా ఇంట్లో ఎవరూ నమ్మరు కాబట్టి.

సంబంధం తెచ్చింది మా మేనమామ. అబ్బాయిది వర్ని దగ్గర ఊరు. వరి పొలం ఉన్నది, కోత మిషన్ ఉన్నది, తండ్రి లేడు, తల్లి ఉన్నది. ఫోన్‌లో ఆయన ఫొటో ఉండాల్సిన చోట కోత మిషన్ ఫొటో ఉండేది. మిషన్ మంచిగున్నదని అవ్వ అన్నది. చూపులకు వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన కుర్చీ అంచు మీద, లేచి పోయేటోని లెక్క కూసున్నడు. వాళ్లమ్మ ఒక్కటే అడిగింది, జొన్నరొట్టెలు చేస్తదా అని. అక్క నోరు తెరిచే లోపలే మా అవ్వ చేస్తదని చెప్పింది. అక్క చేసిన రొట్టె ఒకసారి నేను తిన్న. అది మాలో మాకే ఉండాల్సిన విషయం.

అక్క అడగాలనుకున్నది కూడా ఒక్కటే. పెండ్లి అయినంక నౌకరి చేస్తే ఏమంటరు. కానీ అడిగేటట్టు లేదు. ఖాయం కాకముందు పిల్ల నోరు తెరిచి అడిగితే అది షరతు పెట్టినట్టు అయితదని మామ అన్నడు. అడిగేటివన్నీ ఖాయమైనంక అడగాలట. ఖాయమైనంక అడిగి ఏం లాభమని అక్క అంటే, అందుకే అప్పుడు అడగమనేది అన్నడు. మామకు ఇరవై సంబంధాలు కుదిర్చిన అనుభవం ఉన్నది. ఫోన్ చేసి అడగరాదా అని నేను అన్న. ఆయన నంబరు తన దగ్గరున్నదని, చెయ్యలేక కాదని, తను అడిగితే అది ఇంటోళ్లందరి నోటి నుంచి వచ్చిన మాట అయితదని అక్క అన్నది.

ఇంకోసారి చూసుకుందామని రెండు దిక్కులా అనుకున్నరు. కానీ మా దిక్కు ఒక కట్టుబాటు ఉన్నది. ఖాయం కాకముందు ఒకరింట్లో ఒకరు అన్నం తినరు. ఒకసారి చాయ తాగి పోవచ్చు. రెండోసారి వస్తే అన్నం పెట్టకుండ పంపితే తప్పు, పెడితే ఖాయమైనట్టు. అందుకని రెండో చూపులు ఎవరింట్లోనూ కాకుండ, నడుమ ఉన్న బోధన్‌లో పెట్టాలన్నడు మామ. బోధన్‌లో ఎక్కడ? గుడికి పోతే పూజారికి తెలుస్తది, హోటల్‌కు పోతే తిన్నట్టు అయితది. మిగిలింది టాకీసు. సినిమా హాల్లో తిన్న పాప్‌కార్న్ అన్నం కిందికి రాదని మామ తీర్పు చెప్పిండు.

ఆ ఆదివారం మ్యాట్నీకి పోయినం. ఆడుతున్నది ప్రేమ సినిమా, అందులో మాయలు మంత్రాలు. కథ చెప్త, ఇది తెలియకపోతే ముందుకు పోలేం. మేఘాల మీద ఒక లోకం ఉంటది. ఆ లోకం రాజు బిడ్డకు తెల్లటి రెక్కలు. ఆమెకు అక్కడ ఒక డ్యూటీ ఉంటది, ఏ ఊరికి ఎంత వాన పడాల్నో చూసుకునుడు. ఒకనాడు వాన కొడుతూ కొడుతూ ఒక గుట్ట మీద గడియారాలు బాగుచేసేటోన్ని చూస్తది. వాడు ఆమెను చూస్తడు. సినిమా మొత్తంలో వాడు ఒక్క గడియారం బాగుచేసినట్టు చూపియ్యలే, పాటలే పాడిండు. రాజుకు కోపం వస్తది. బిడ్డ రెక్కలు ఆడించుకుంట ఏడ్చుకుంట పైకి పోతది. వాడు గుట్ట మీద ఒక్కడే నిలబడతడు, వాన ఆగిపోతది.

అక్కడ చివరి పాట మొదలైతది. అక్కడనే నేను లేచిన.

కూసున్న వరుస ఎట్లున్నదంటే, ఈ కొసకు అక్క, ఆ కొసకు ఆయన. నడుమ అవ్వ, బాపు, మామ, వాళ్లమ్మ, ఇంక ఖాళీ కుర్చీలో అందరి సంచులు. రెండు గంటల సేపు ఇద్దరూ ఒకే తెరను చూసిండ్రు, దీన్నే మామ చూపులు అన్నడు.

గేటు దగ్గర నేను మైకు సరిచేసుకునే లోపలే జనం బయటికి వచ్చుడు మొదలైంది. బోధన్‌లో నాకు ఎప్పుడూ ఇట్లనే అయితది, ఈ ఊరోళ్లు భలే తొందరగా వస్తరని సంతోషపడుతుంటి. మైకు పెట్టిన.

మన జనం మైకు ముందట సినిమా గురించి తప్ప అన్నిటి గురించి మాట్లాడుతరు. మొదట వచ్చిన ముసలమ్మ కుర్చీలు బాగా మెత్తగున్నయని, అంత మెత్తగ ఉంటే నిద్ర ఎట్ల ఆపుకుంటరని అడిగింది. తర్వాత వచ్చింది చందూర్‌లో బట్టలు కుట్టే ఒక చాచా. ఆయనకు హీరోయిన్ నచ్చింది, రవికె నచ్చలే. రెక్కలున్న మనిషికి రవికె వెనక నుంచి ఎట్ల తొడుగుతరు, జిప్పు పెట్టలే, గుండీలు పెట్టలే, ఇది చూపిచ్చేటోడు కుట్టేటోన్ని ఒక్క మాట అడగొద్దా బేటా అని బాధపడ్డడు. నడుముకు రెండు ముడులు వేస్తే అయిపోయేదని నా వీపు మీదనే కొలత చూపిచ్చిండు. ఇంకొకాయన తమ చర్చిలో క్రిస్మస్ నాటకానికి ఏటా దేవదూత వేషం వేస్తడట. థర్మోకోల్ రెక్కలతో పది నిమిషాలు నిలబడుడు ఎంత కష్టమో తనకే తెలుసని, ఈ పిల్లది కంప్యూటర్ రెక్కల వల్ల నటన తేలిపోయిందని అన్నడు. ఒక రైతు వాన గురించి మాట్లాడిండు. వాన మంచిగనే పడింది గాని నాట్లప్పుడు కాకుండ కోతలప్పుడు కొట్టిచ్చిండ్రు, వడ్లు తడవయా అని నన్ను నిలదీసిండు, నేనే కొట్టిచ్చినట్టు.

వీళ్లందరూ ఒక్క విషయంలో కలిసిండ్రు. దుఃఖం సినిమా అన్నరు. ఆడోళ్లు చూడలేరన్నరు.

అప్పుడు వచ్చిండు ఆయన, కాబోయే బావ అనాల్నో వద్దో ఇంకా తెలియని మనిషి. వెనక వాళ్లమ్మ గబగబ నడుచుకుంట వస్తున్నది. మామూలోడైతే మైకు చూసి పక్కకు తప్పుకునేటోడే. నేను పిల్ల తమ్మున్ని కాబట్టి తప్పుకోలేకపోయిండు. సినిమా ఎట్లుందన్న అని అడిగిన. రోడ్డు దిక్కు ఒకసారి చూసి, కెమెరా దిక్కు చూసిండు.

"ఆమె పోవుడే కరెక్టు తమ్మీ," అన్నడు. అంతే. వాళ్లమ్మను తీసుకొని వెళ్లిపోయిండు.

నాకు పండుగైంది. అందరు ఏడ్చే చోట ఒక మనిషి ఇంత ఖరాగా, మొహమాటం లేకుండ మాట్లాడితే వీడియో నడుస్తది. ఇంటికి పోయి ఆ నాలుగు మాటలకు వెనక డప్పు పెట్టిన. ముఖం చుట్టూ మంటలు పెట్టిన. పైన పెద్దక్షరాలతో 'వర్ని యువరైతు సంచలన తీర్పు' అని రాసిన. ఫ్లెక్సీలు కొట్టే చెయ్యి కదా, పక్కన పులి పెట్టకుండ ఆపుకునుడే కష్టమైంది.

తెల్లారేసరికి అది వర్ని గ్రూపులన్నీ తిరిగింది. నా పని మొదలుపెట్టిన నాటి నుంచి నా వీడియో ఒకటి నేను పంపకుండ నాకే వచ్చుడు అదే మొదటిసారి. ల్యాబ్‌లో రక్తం ఇయ్యడానికి వచ్చిన ఒకాయన చెయ్యి చాపి, రెండో చేత్తో ఫోను పట్టుకొని ఆ వీడియో చూసి నవ్వుతున్నడట. అక్క కూడా చూసింది. ఆ చేతికి మాత్రం సూది సరిగ్గనే గుచ్చింది, అది వేరే.

సాయంత్రం ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచింది, కాళ్లు కడుక్కున్నది, బ్యాగు మేకుకు తగిలిచ్చింది, ఈ సంబంధం వద్దన్నది. ఎందుకని అవ్వ అడిగింది. ఆయన అభిప్రాయం మంచిగ లేదన్నది. ఏ అభిప్రాయం అని బాపు అడిగిండు. సినిమా అభిప్రాయం అన్నది. బాపు టీవీ గొంతు తగ్గించి, మళ్ల చెప్పమన్నడు.

మామకు ఫోన్ పోయింది. ఆయన వచ్చిండు. మా ఇంట్లో అందరు అందరినీ ఏదో ఒకటి అన్నరు. సినిమాకు తీసుకపోయినందుకు అవ్వ మామను అన్నది. వీడియో పెట్టినందుకు మామ నన్ను అన్నడు. నన్ను కన్నందుకు బాపు ఎవరినీ అనలేక ఊరుకున్నడు. సినిమా మాట ఎవరన్న పట్టుకుంటరా అని మామ అక్కను సముదాయించబోయిండు. ఇరవై సంబంధాలు కుదిరిస్తే ఒక్క పిల్ల కూడా రెక్కల కాడ ఆగలేదన్నడు.

నేను మెల్లగ వంటింట్లోకి పోయిన. అక్క చాయ గిన్నె ముందట నిలబడ్డది.

"రెక్కలు పీక్కొని వచ్చిన పిల్లను కూడ పోవుడే కరెక్టు అంటున్నడు," అన్నది. "గసొంటోడు నేను నౌకరి చేస్తనంటె ఏమంటడు, నువ్వే చెప్పు."

నాకు అర్థం కాలే. "రెక్కలు ఎవలు పీక్కున్నరు?"

అక్క నా దిక్కు తిరిగింది. ల్యాబ్‌లో రిపోర్టు తప్పు వచ్చినప్పుడు ఆ మిషన్ దిక్కు ఎట్ల చూస్తదో అట్ల చూసింది.

"నువ్వు సినిమా చూసినవా?"

"ఇంటర్వెల్ దాక అయితె పక్కా," అన్న.

అప్పుడు చెప్పింది. నేను లేచి పోయినంక ఇరవై నిమిషాల సినిమా ఉన్నదట. పాట అయిపోతదట. మేఘాల్లో ఆ పిల్ల తన రెక్కలు తనే పీకి తండ్రి కాళ్ల దగ్గర పెట్టి, నడుచుకుంట గుట్ట దిగి వానికాడికి వస్తదట. జనం లేచి ఈలలు కొట్టిండ్రట. మామ నిద్రల ఉండె, ఆ కొసకు తల్లీకొడుకుల కుర్చీలు చీకట్ల ఎప్పుడు ఖాళీ అయినయో ఎవరూ చూడలేదట. నాకు ఒక్కొక్కటే తెలిసి రావట్టింది. ముసలమ్మ, చందూర్ చాచా, దేవదూత, రైతు, వీళ్లెవరూ ఈలలు కొట్టినోళ్లు కాదు. ఫోన్ తీసి వీడియో మళ్ల చూసిన. అందరి వెనకాల రోడ్డు మీద అదే బస్సు నిలబడ్డది, వర్ని బోర్డుతోని. అది పోతే మళ్ల చీకటి పడ్డంకనే. ఊర్లల్ల బర్రెల పాలు పిండే యాళ్లకు ఇంట్లో ఉండాలె. అందుకని ఆ దిక్కు నుంచి మ్యాట్నీకి వచ్చినోళ్లు ప్రతి సినిమానూ ఇరవై నిమిషాల ముందే వదిలేసి పోతరు. వాళ్లు మొదట బయటికి వస్తరు. నేను మొదట వచ్చినోళ్లనే అడుగుత. రెండేండ్ల నుంచి బోధన్ ప్రజాభిప్రాయం అని నేను లోకానికి చూపిస్తున్నది బస్సెక్కడానికి ఉరికేటోళ్ల అభిప్రాయం. చివరి దాకా చూసినోళ్లు బయటికి వచ్చేసరికి నేను చాయ తాగడానికి పోతుంటి.

ఇంక ఘోరమేమిటంటే వర్ని దిక్కు, చందూర్ దిక్కు ఆ సినిమా దుఃఖం సినిమా అని ఖాయమైపోయింది. ఆ బస్సు ఎంత దూరం పోతదో అంత దూరం ఆ పిల్ల ఇంకా మేఘాల్లోనే ఉన్నది, ఆ గడియారాలోడు ఇంకా గుట్ట మీదనే నిలబడ్డడు. పాపం నా వల్ల.

ఇది అక్కకు చెప్పిన. ఆమె చాయ వడగట్టింది. నాకు పోయలే. గిన్నె కడుక్కుంట, సగం సాంపిల్ చూసి రిపోర్టు రాయద్దు అన్నది. ఆయనకు చివర చూపియ్యమన్నది. చూసినంక కూడా అదే మాట అంటే మళ్ల ఈ పేరు ఇంట్లో ఎత్తద్దన్నది.

మామ మళ్ల ఫోన్ ఎత్తిండు. మొన్న చూపులు సగమే అయినయి, సినిమా కూడా సగమే అయింది, రెండూ పూర్తి చేద్దామని వాళ్లకు చెప్పిండు. వాళ్లకు ఇందులో వింత ఏమీ కనబడలే. మంచి మనుషులు అని అవ్వ అప్పుడే అన్నది. మళ్ల ఆదివారం బండి మీద, వెనక తల్లిని కూసోబెట్టుకొని ఆయన బోధన్ వచ్చిండు. ఇస్త్రీ అంగీ తొడిగిండు. బండి మీద అంత దూరం వచ్చేసరికి ఇస్త్రీ వర్నిలోనే ఉండిపోయింది.

ఈసారి నేను కూడా లేవలే. రెండేండ్లలో మొదటిసారి ఒక సినిమా చివర చూసిన. ఇట్ల చెప్పుడు తప్పే గాని, ఎప్పటి లెక్క నడుమల బయటికి పోవుడే నయం అనిపిచ్చింది. ఆ పిల్ల వీపు మీద రెండు ఎర్రటి గాయాలతోని వస్తది. గడియారాలోడు కన్నీళ్లు తుడుస్తడు. మర్నాడు పొద్దుగాల ఆమె పొయ్యి ముందట కూసొని రొట్టె కొడుతుంటది, వాడు వెనక నుంచి చూసుకుంట నవ్వుతుంటడు, ముగింపు పాట. హాలంతా చప్పట్లు. వాళ్లమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకొని, గిట్లుండాలె ఆడిపిల్ల అని మా అవ్వతోని అన్నది. మా అవ్వ కూడా తుడుచుకున్నది, ఖాయమైతదేమోనని ఆశతోని. నేను ఈ కొసకు చూసిన, అక్క కండ్లు పొడిగున్నయి. ఆ కొసకు చూసిన, ఆయన తలకాయ గోక్కుంటున్నడు.

మామ ముందే లెక్క వేసుకున్నడు. బయటికి రాంగనే మైకు పెట్టు, ఎమోషనల్ అయిండు, మంచి మాట అంటడు, అదే వీడియో పెట్టేస్తే మొన్నటిది పోతది అన్నడు. టాకీసు గేటు పక్కన, చెరుకు రసం బండి దగ్గర అందరం నిలబడ్డం. నేను ఫోను ఎత్తిన. సినిమా ఎట్లుందన్న అని అడిగిన.

"ఇంక ఖరాబ్ జేసిండ్రు తమ్మీ," అన్నడు.

మామ కండ్లు మూసుకున్నడు. అవ్వ సంచి సర్దుకున్నది, పోయేటందుకు. నాకు నవ్వు వచ్చింది, అది నాకు ఏడుపు వచ్చే చోటల్లా వస్తది. అంతలో అక్క ముందటికి వచ్చి నా చేతిలో మైకు తీసుకున్నది. నేను ఇయ్యలే, తీసుకున్నది.

అప్పటి దాకా వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలే. ఖాయం కాని పిల్ల ఏదీ అడగకూడదు. కానీ మైకు పట్టుకున్నోళ్లు అడిగితే ఎవరూ తప్పు పట్టరు, వాళ్ల పనే అది. మామ ఆపుదామని చెయ్యి ఎత్తి, మైకు చూసి దించుకున్నడు. ఆయన అనుభవంలో లేని సంగతి ఇది.

"ఏం ఖరాబ్ చేసిండ్రు?" అని అడిగింది అక్క.

కెమెరా దిక్కే చూడుమని నేను అందరికీ చెప్త, ఆయన అట్లనే చూసుకుంట మాట్లాడిండు. ఆమె దిక్కు చూడలే.

"ఆమెకు ఆడ డ్యూటీ ఉండె గదా. ఏ ఊరికెంత వాన అని సూసుకునేటిది. రెక్కలు పీకిచ్చి ఈడ రొట్టెలు కొట్టుకుంట కూసుంటె వాన ఎవలు కొట్టాలె? మా నాట్లెట్ల పడాలె? మొన్న పోయిందంటె డ్యూటీకి పోయింది, కరెక్టే అనుకున్న. మళ్ల ఎన్కకు దెచ్చి ఖరాబ్ జేసిండ్రు."

చెరుకు రసం బండాయన మిషన్ ఆపి వింటున్నడు.

"మరి పెండ్లి ఎట్ల?" అన్నది అక్క. రిపోర్టు చదివి చెప్పే గొంతు అది, ఎక్కువా తక్కువా ఉండదు. "ఆమె అక్కడ, ఆయన ఇక్కడ."

"అప్పండౌన్ చెయ్యాలె," అన్నడు ఆయన, ఇందులో అడిగేటిదేమున్నది అన్నట్టు.

మా జిల్లాలో ఈ మాట తెలియనోడు ఉండడు. ఇల్లొక ఊర్లో, నౌకరి ఒక ఊర్లో, పొద్దుగాల పోయి సాయంత్రం వచ్చుడు. బడి పంతుళ్లు, బ్యాంకోళ్లు, నర్సులు, సగం నిజామాబాద్ బతికేది అట్లనే. సినిమా తీసినోళ్లకు మాత్రం ఇది తట్టలే. మేఘాల లోకానికీ గుట్టకూ నడుమ అంత ఏడుపు, అంత యుద్ధం, అన్ని పాటలు పెట్టిండ్రు.

"మా ఊరి బడి సార్లందరు నిజాంబాద్‌కెల్లే వస్తరు," అన్నడు ఆయన. "వాళ్లకు రెక్కలు గూడ లేవు. ఈమెకు రెండున్నయి, ఏం రోగం? పొద్దుగాల పోయి వాన కొట్టి పొద్దుమూకి వస్తె అయిపాయె."

అక్క మైకు కొంచెం దగ్గరికి జరిపింది.

"రెక్కలు లేనోళ్లు?"

ఆయన అప్పుడు కెమెరా వదిలేసి ఆమె దిక్కు చూసిండు. నేను ఫోన్ అటు తిప్పాల్నా ఇటు తిప్పాల్నా తెలియక నడుమ పెట్టిన, చెరుకు గడలు వచ్చినయి వీడియోలో.

"బండి మీద బోధన్ దాక నేను దింపుత," అన్నడు. "ఆడికెల్లి బస్సులు మస్తు."

అవ్వ సంచి కింద పెట్టింది. అంతా అయిపోయిందని నేను అనుకున్న. కాలే. వాళ్లమ్మ ఉన్నది. ఆమె ఇంత సేపు నడుముల మీద చేతులు పెట్టుకొని వింటున్నది. నవ్వుతలేదు. సినిమా గురించి మొదలైన మాట వేరే దిక్కు పోతున్నదని అందరికంటే ముందు ఆమెకే తెలిసినట్టున్నది.

"మరి రొట్టెలెవలు జేస్తరురా?" అని కొడుకును అడిగింది.

"ఆ గడియారాలోడు ఉన్నడు గదనే. ఒక్క గడియారం జేసిండా సినిమ మొత్తంల? ఉత్తగనే ఉన్నడు. జెయ్యమను."

"నేను వాన్ని అడుగుతలేను."

"నాకు రాదా ఏంది? నీకు జరమొచ్చిన పది దినాలు ఎవలు జేసిండ్రు?"

"నువ్వు జేసినయి రొట్టెలార?" అన్నది ఆమె. "బర్రెకేస్తె బర్రె సూడలే."

బండాయన నవ్విండు, బాపు నవ్విండు. ఆమె నవ్వలే. కొడుకును పక్కకు జరిపి అక్క ముందటికి వచ్చి నిలబడ్డది. కింది నుంచి పై దాకా చూసింది. చూపులనాడు కూడా అట్ల చూడలే, అప్పుడు అవ్వ దిక్కే చూసింది. ఆమె కాదంటే కొడుకు చెప్పిన అప్పండౌన్ అంతా చెరుకు పిప్పే.

నువ్వు జేసేటి పని ఏంది అని అడిగింది. రక్తపరీక్షలని అక్క చెప్పింది. సూది నువ్వే గుచ్చుతవా అని అడిగింది. నేనే అన్నది. రోజుకు ఎంత మందికి అని అడిగింది. అక్క చెప్పింది. ఆమె కొంగు భుజం మీదికి ఎగేసి, రవికె చెయ్యి పైకి జరిపి, మోచెయ్యి చాపింది.

"నాకు ఒంట్లె చక్కెరున్నది బిడ్డా. మా ఊరికొచ్చేటాయన నరం దొర్కుతలేదని నాలుగు కాడ పొడుస్తడు. నీకన్న దొర్కుతదా సూడు."

చేతి మీద పాత పొడుపుల నల్లటి మచ్చలు ఉన్నయి. అక్క మైకు నా చేతిలో పెట్టింది. ఆమె మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి, పిడికిలి బిగించమని చెప్పి, రెండు వేళ్లతో ఒత్తుకుంట మెల్లగ జరిపింది. ఒక చోట ఆపింది.

"ఇగో, ఈడున్నదత్తమ్మా," అన్నది.

మామ జేబులో నుంచి ఫోను తీసి, పక్కకు పోయి, ముహూర్తం పెట్టే అయ్యగారికి కొట్టిండు.